సీనియారిటీ ప్రకారం పదకొండుమంది

మా ఆఫీసులో ఎవరూ పనిచేయరని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ వేసవిలో మేం పడ్డ కష్టం ఏ ఆఫీసూ పడి ఉండదు. ఏ బౌలరుకి మడమ బెణికింది, ఏ వికెట్‌కీపరుకి జ్వరం తగిలింది, ఎవరి చెల్లెలి పెళ్ళి ఏ రోజున ఉంది అని, టీకి కూడా లేవకుండా కళ్ళల్లో వత్తులు వేసుకుని వెతికిన వాళ్ళం మేం. అలాంటి వాళ్ళని పట్టుకుని సోమరిపోతులంటే పుట్టగతులుండవు.

మాది జిల్లా చేతిపంపుల నిర్వహణ కార్యాలయం. నా పేరు సత్యవేణి. సీనియర్ అసిస్టెంటుని. పంపుల సీటు నాది. అంటే ఊళ్ళల్లో పంపు పాడైతే ఆ ఫైలు నా బల్ల మీద పుట్టి, పరిపాలనాధికారి అనబడే ఏఓ గారి బల్ల మీద పెరిగి, ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, అదే ఈఈ గారి సంతకంతో ఓ ఇంటిదై, మెకానిక్కు చేతికి వెళ్ళాలి. వెళ్ళాలి అన్నాను గానీ, వెళ్తుందని నేనెప్పుడూ అనలేదు.

ఎండలు ముదిరే వేళ పైనుంచి ఒక సర్క్యులరు దిగింది. "ఉద్యోగులలో సమష్టి భావనను పెంపొందించు నిమిత్తము ప్రతి కార్యాలయమునందును డిజిటల్ క్రీడా కార్యకలాపములను తక్షణమే ప్రోత్సహించవలెను" అని. మా ఈఈ పట్టాభిరామయ్య గారు దాన్ని మూడుసార్లు చదివి, కళ్ళజోడు తుడుచుకుని, నాలుగోసారి చదివి, ఫోన్లో ఒక ఫ్యాంటసీ క్రికెట్ లీగు పెట్టేశారు.

తెలియని వాళ్ళకి చెబుతాను. నాకూ అంతకుముందు తెలియదు. నిజం మ్యాచీలు నిజం ఆటగాళ్ళు ఆడుతుంటారు. మనం ఫోన్లో వాళ్ళలోంచి పదకొండుమందిని ఏరుకుని మన టీము అనుకుంటాం. వాళ్ళు పరుగులు తీస్తే, వికెట్లు తీస్తే మనకి పాయింట్లు. కెప్టెన్ అని ఒకణ్ణి పెట్టుకుంటే వాడి పాయింట్లు రెట్టింపు. ప్రైవేటు లీగంటే, కోడ్ ఇచ్చిన వాళ్ళు మాత్రమే చేరే గుంపు. ఎవరు పైన, ఎవరు కింద అని వారానికోసారి అందరి పేర్లూ వరసగా కనిపిస్తాయి. పైసా ఖర్చు లేదు, పైసా రాబడి లేదు. ఒట్టి పరువు ఒక్కటే పందెం.

అక్కడే వచ్చింది చిక్కు.

ఈఈ గారు ముప్పయ్యేళ్ళుగా ప్రమోషన్ల ఫైళ్ళు చూసిన మనిషి. ఆయనకి మనుషుల్ని ఎంచడం ఒక్కటే పద్ధతిలో వచ్చు. ఆటగాళ్ళందరి పుట్టిన తేదీలూ తెప్పించుకుని, వయసులో పెద్దవాళ్ళని పదకొండుమందిని వరసగా తీసుకున్నారు. అందరికన్నా పెద్దవాణ్ణి కెప్టెన్ చేశారు. "సర్వీసుని కాదని మెరిట్ అంటే రేపు కోర్టుకెళ్తారమ్మా" అన్నారు నాతో. ఆయన ఏరిన వాళ్ళలో సగానికి పైగా బౌండరీ అవతల గొడుగు కింద కూర్చుని మంచినీళ్ళ సీసాలు అందించే వాళ్ళే.

మొదటి సోమవారం వరసలు వచ్చాయి. ఈఈ గారు అట్టడుగున ఉన్నారు. అందరికన్నా పైన రికార్డు రూము అటెండరు అప్పలకొండ ఉన్నాడు.

ఆఫీసంతా చావుకబురు విన్నట్టు అయిపోయింది. మధ్యాహ్నానికి అప్పలకొండ చేతికి మెమో వచ్చింది. "ముందస్తు అనుమతి లేకుండా, తగు మార్గము ద్వారా కాకుండా, నియంత్రణాధికారి కన్నా పై స్థానమును ఏ అధికారముతో ఆక్రమించితివో మూడు దినములలోగా సంజాయిషీ ఇవ్వవలెను."

అప్పలకొండ ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"నానేటి సేసినాను మేడమ్? ఫోను మంచం మీద ఒగ్గేసి తానానికెల్లినాను. మా మనవరాలు దొరికిందల్లా నొక్కీసింది. దానికి రెండేళ్ళు మేడమ్. అది కావాలని సేసినాదా?"

"అదే రాయి" అన్నాను.

రాశాడు. దాని మీద విచారణ జరిగి, మనవరాలు ప్రభుత్వోద్యోగి కానందున ఆమెపై చర్య సాధ్యం కాదని తేలింది. తాతగారికి మాత్రం హెచ్చరిక పడింది. ఆ వెంటనే ఆఫీసు ఉత్తర్వు వచ్చింది: ఇకమీదట లీగులో స్థానాలు హోదా క్రమంలోనే ఉండాలి. పై అధికారి కన్నా ఒక్క పాయింటు ఎక్కువ తెచ్చుకున్నా అవిధేయత కింద లెక్క.

చదవడానికి తేలిగ్గానే ఉంది. చేసి చూడండి, తెలుస్తుంది. ఓడిపోవడమంటే ఎవరికైనా చేతనవుతుంది గానీ, పట్టాభిరామయ్య గారి చేతిలో ఓడిపోవడం మామూలు విద్య కాదు. ఆయన టీము ముక్కీ మూలిగీ నాలుగు పాయింట్లు తెస్తే, ఏఓ గారు మూడు తేవాలి, సూపరింటెండెంట్లు రెండు తేవాలి, గుమాస్తాలు ఒకటి. అప్పలకొండకి మైనస్‌లో రావాలి. సున్నాకి అవుటైతే పాయింట్లు కోస్తారు కాబట్టి, బ్యాటు పట్టుకోవడం రాని బౌలర్లని వెతికి, వాళ్ళలో మరీ రానివాణ్ణి కెప్టెన్‌గా పెట్టాలి. దానికెంత చదువు కావాలి! అప్పుడే మొదలైంది నేను చెప్పిన ఆ కష్టమంతా. నోటీసు బోర్డు మీద పాడైన పంపుల జాబితా ఉండే చోట రోజూ గాయాల బులెటిన్ అంటించేవారు. ఆడతాడని అనుమానమున్న వాణ్ణి పొరపాటున టీములో పెట్టుకుని, వాడు సెంచరీ కొడితే, ఆ గుమాస్తా మర్నాడు సిక్ లీవు పెట్టేసేవాడు.

ఇంతా చేస్తే ఫలితం ఏమిటి? వారం వారం ఈఈ గారు ఫస్టు. నాలుగు వారాలకి ఆయన నడకే మారిపోయింది. తన గొప్పతనం మీద ఆయనకి నిజంగానే నమ్మకం కుదిరింది. "ఆటంటే అనుభవమమ్మా. కుర్రాళ్ళేం ఆడతారు, గెంతుతారు" అని వరండాలో నిలబడి మెకానిక్కులకి కూడా చెప్పేవారు. మెకానిక్కులకి వినడానికి బోలెడు తీరిక, ఎందుకంటే పంపుల ఫైళ్ళేవీ బయటికి రావడం లేదు.

నేను మాత్రం ఆ లీగులో చేరలేదు. క్రికెట్టంటే నాకు పడదు. మా ఆయన పెళ్ళిచూపులకి ఆలస్యంగా వచ్చి, "ఆఖరి ఓవరండీ" అని మా నాన్నకి చెప్పిన మనిషి. ఆ కోపం ఇప్పటికీ తీరలేదు. మొదట్లో నన్నెవరూ పట్టించుకోలేదు కూడా. ఏఓ గరుడాచలం గారు పేచీ పెట్టాకనే నా మెడకి చుట్టుకుంది.

గరుడాచలం గారిది రెండో స్థానం. ఉత్తర్వు ప్రకారం ఎప్పటికీ రెండో స్థానమే. ఇంట్లో ఆవిడ రోజూ "ఇవాళ కూడా రెండేనా?" అని అడుగుతోందట. ఆయన ఓ శుక్రవారం పౌరుషానికి పోయి సొంత లీగు పెట్టేశారు. అందులో ఆయనే ఫస్టు. పెట్టి ఊరుకున్నారా? "నా లీగులో లేని వాళ్ళ ఫైలు నేను పైకి పంపను" అన్నారు. అది తెలిసి ఈఈ గారు "నా లీగులో లేని వాళ్ళ ఫైలు మీద నేను సంతకం పెట్టను" అన్నారు.

సరిగ్గా ఆ వారమే ఎస్తేరు రాణి టీచరు గారు వచ్చారు. చినమల్లవరం బడిలో పిల్లలకి చదువు చెబుతారావిడ. ఆ బడి పంపు పాడై అప్పటికి రెండు నెలలు.

"సత్యవేణి గారూ, లోపల వాషరు అరిగిపోయిందట. గంట పనట. ఎండలు చూస్తున్నారుగా, ఒంటిపూట బడైనా పిల్లలకి నాలుక పిడచకట్టుకుపోతోంది. రోడ్డు దాటి అవతల హోటలు కుళాయి దగ్గరికి పోతున్నారు. అది హైవే అండీ."

నాకు సిగ్గేసింది. రేపు చేయిస్తానని మాటిచ్చి పంపించి, ఫైలు పట్టుకుని ఏఓ గారి దగ్గరికి వెళ్ళాను.

"ఏ లీగమ్మా నువ్వు?" అన్నారాయన తలెత్తకుండా.

"ఏ లీగూ కాదండి. పంపు ఫైలండి."

"అభ్యర్థనను పరిశీలించుటకు సభ్యత్వము తప్పనిసరి. చేరు, పంపిస్తాను."

"మీ దాంట్లో చేరితే ఈఈ గారు సంతకం పెట్టరు కదండీ?"

"అది నా పరిధిలోని అంశము కాదు."

ఈఈ గారి దగ్గరికి వెళ్ళాను. "నాలో చేరమ్మా, చిటికెలో పెడతాను. కాని ఏఓ ద్వారా రావాలి. ప్రొసీజరు" అన్నారు.

"పోనీ రెండింట్లోనూ చేరతాను సార్. ఫోను ఒప్పుకుంటుందట."

ఈఈ గారు కుర్చీలో వెనక్కి వాలిపోయారు. నేనేదో వినకూడని మాట అన్నట్టు ముఖం పెట్టారు. "ఒక ఉద్యోగికి ఇద్దరు నియంత్రణాధికారులా? ఫోను ఒప్పుకుంటుందేమో గానీ, సర్వీసు రూల్సు ఒప్పుకోవు."

సాయంత్రానికి ఉత్తర్వు దిగింది, ద్వంద్వ సభ్యత్వము నిషిద్ధమని. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, నాకైతే నూతిలోనూ నీళ్ళు లేవు. నేను ఏ లీగులో చేరితే మా టీచరమ్మ పంపు ఆ రెండోవాడి బల్ల దగ్గర ఆగిపోతుంది.

అక్కడితో ఆగినా బావుండేది. ఏఓ గారు పెట్టగా లేనిది మేమెందుకు పెట్టకూడదని సూపరింటెండెంట్లు తలా ఒక లీగు పెట్టారు. వాళ్ళ కింద గుమాస్తాలు ఊరుకుంటారా? పదిహేను రోజులు తిరిగేసరికి మా ఆఫీసులో ఎంతమంది ఉన్నారో అన్ని లీగులు. ప్రతి లీగులోనూ ఒక్కరే మనిషి. ప్రతి మనిషీ ఫస్టే. అప్పలకొండ కూడా పెట్టాడు, మనవరాలి పేరు మీద.

మొదటి రోజు అందరూ ఒకరికొకరు స్వీట్లు పంచుకున్నారు. రెండో రోజుకి ముఖాలు వేలాడేశారు. పెళ్ళికి పిలవడానికి చుట్టాలు లేక, మనమే తాళి కట్టి మనమే పందిట్లో కూర్చుని తిన్నట్టు ఉంటుంది కదా మరి. ఫస్టు రావాలంటే కింద ఒక్కడైనా ఉండాలి. ఏ లీగూ లేనిది, ఏ లీగులోనూ చేరనిది ఆఫీసు మొత్తానికి నేనొక్కదాన్నే!

చూడాలి నా వైభవం. పొద్దున్నే నా బల్ల మీద కోడ్లు రాసిన చీటీలు. ఒకరు మల్లెపూలు తెచ్చారు. ఒకరు ఇంట్లో పెట్టిన ఆవకాయ సీసా తెచ్చారు. "మా దాంట్లో చేరండి మేడమ్, ప్రశాంతంగా ఉంటుంది" అని ఒకరు, "మా దాంట్లో మీకు శాశ్వతంగా రెండో స్థానం" అని ఒకరు. నేను దేనికీ ఊఁ అనకపోయేసరికి ఏఓ గారు మెమో ఇచ్చారు, "లీగు రహిత ఉద్యోగిగా కొనసాగుటకు గల కారణములు తెలుపవలెను" అని. దాన్ని ఆవకాయ సీసా కింద పెట్టి, మధ్యాహ్నం అన్నంలో ఆ ఆవకాయే కలుపుకుని తిన్నాను. కారం బావుంది.

ఎస్తేరు టీచరు గారు మళ్ళీ వచ్చారు. ఈసారి నమస్కారం కూడా పెట్టలేదు. చేతిలో ఎవరో పిల్లది మంచినీళ్ళ సీసా ఉంది, నుజ్జునుజ్జయి. నా బల్ల మీద పెట్టారు.

"నిన్న హోటలు నుంచి వస్తూ రోడ్డు దాటుతుంటే చేతిలోంచి జారిందట. రెండో తరగతి పిల్ల. తీసుకుందామని వంగింది. లారీవాడు బ్రేకు కొట్టాడు కాబట్టి సరిపోయింది. సీసా మీంచి పోయింది చక్రం." ఆవిడ సీసాని నావైపు జరిపారు. "మీరు రేపు చేయిస్తానన్నారండీ. ఆ రేపు ఎప్పుడొస్తుంది?"

నాకు ఏడుపొచ్చింది. ఏడుపు వెనకే కోపం వచ్చింది. వచ్చిందంటే అలా ఇలా కాదు, అరికాలి మంట నెత్తికెక్కింది. మల్లెపూలూ, చీటీలూ అన్నీ చెత్తబుట్టలో కొట్టి, ఆ సీసా పట్టుకుని లేచాను.

అప్పటికి ఈఈ గారి గదిలో "లీగుల ఏకీకరణ సమావేశము" జరుగుతోంది. అన్ని లీగులూ కలిపి ఒక్కటి చేయాలి. చేయాలని అందరికీ ఉంది. ఎవరి లీగు ఉంచాలి అనేసరికి ఎవరి లీగు వారిదే. ఈఈ గారి కిందికి ఏఓ రారు. ఏఓ కిందికి సూపరింటెండెంట్లు రారు. గంట నుంచి టీలు తాగుతున్నారు.

"నా లీగులో చేరండి" అన్నాను తలుపు తోసుకుని.

అందరూ నావైపు తిరిగారు.

"నీకు లీగెక్కడిదమ్మా?" అన్నారు ఏఓ గారు.

"ఇప్పుడు పెడతాను. నేను ఆడను, కాబట్టి నా కింద ఎవరూ ఉండనక్కర్లేదు. ఎవరి పరువూ పోదు. హోదా ఉత్తర్వు నా లీగులో ఉండదు, ఎవరి సత్తా కొద్దీ వాళ్ళు ఆడుకోవచ్చు. ఒక్కటే నియమం. ఆ వారం అందరికన్నా ఆఖరున ఎవరొస్తారో, వాళ్ళ బల్ల మీద ఉన్న పంపుల ఫైళ్ళన్నీ ఆ సాయంత్రంలోగా తేల్చెయ్యాలి. ఏ లీగు, ఎవరి మనిషి అని అడక్కూడదు."

గదిలో గుసగుసలు బయల్దేరాయి. ఏఓ గారు ఈఈ గారి వంక ఓరగా చూసి, మీసం కింద నవ్వుకున్నారు. నిజంగా ఆడితే ఆఖరున ఎవరుంటారో ఆయనకి తెలుసు. ఇన్నాళ్ళూ ఈఈ గారి కన్నా తక్కువ తేవడానికి నిద్ర చెడగొట్టుకున్న మనిషి కదా. "ప్రతిపాదన ప్రజాప్రయోజనకరముగా ఉన్నది. ఫైళ్ళన్నీ ఇప్పుడే పైకి పంపించేస్తాను" అన్నారు. రెండు నెలలుగా కదలని మనిషి, అన్నంత పనీ చేశారు. తనే చంకలో పెట్టుకుని తెచ్చి ఈఈ గారి బల్ల మీద గుట్టగా పోశారు.

ఈఈ గారు మాత్రం ఆ గుట్టని చూసి హాయిగా నవ్వారు. పాపం, ఆయన ఇన్ని వారాలుగా ఫస్టు. "ఆఖరొస్తానా నేను? సర్వీసున్న టీమమ్మా నాది! సరే, ఒప్పుకున్నాను. నియమం నియమమే" అని అందరి ముందూ మాటిచ్చేశారు.

ఆ వారం మా ఆఫీసు ఆడిన ఆట చూడాలి. గాయాలన్నీ కంఠతా వచ్చిన వాళ్ళకి, గాయం లేనివాడెవడో తెలియదా? గుమాస్తాలు రెచ్చిపోయారు. ఏఓ గారు ఇంట్లో ఆవిడ చేత కొబ్బరికాయ కొట్టించి మరీ కెప్టెన్‌ని ఎంచుకున్నారు. అప్పలకొండ ఫోను మళ్ళీ మనవరాలికిచ్చాడు. ఈఈ గారు యథాప్రకారం పుట్టిన తేదీలు ముందేసుకున్నారు.

సోమవారం పొద్దున ఈఈ గారు ఆఖరు. ఆయన పైవాడికీ ఆయనకీ మధ్య ఒక ఊరు పట్టేంత ఖాళీ.

ఫోను అటూ ఇటూ తిప్పి చూశారు. మాట తప్పుతారేమో అనుకున్నాను. కాని పట్టాభిరామయ్య గారి గురించి ఒక మాట చెప్పాలి. ఆయనకి క్రికెట్టు రాదు, పంపులు పట్టవు గానీ, నియమం అంటే ప్రాణం. "ఫామ్ లేదమ్మా. తాత్కాలికం" అని, కలం మూత తీశారు. అన్నిటికన్నా పైన చినమల్లవరం పెట్టాను.

మెకానిక్కు మధ్యాహ్నమే వెళ్ళాడు. ఎస్తేరు టీచరు గారు చెప్పినట్టే గంట పని. మర్నాడు ఆవిడ ఫోను చేశారు. మాటలేం లేవు, పంపు కొడుతున్న చప్పుడు వినిపించారు. కిచకిచమంటూ, వెనకాల పిల్లల కేకలు.

తరవాత వారం కూడా ఈఈ గారే ఆఖరు. ఆ పై వారం కూడా. గుమ్మడివలస పంపు బాగుపడింది, రాళ్ళపేట అంగన్‌వాడీ పంపు బాగుపడింది. ఎప్పుడో మేం సర్వీసులో చేరకముందు పాడైన పంపుల ఫైళ్ళు కూడా అప్పలకొండ దుమ్ము దులిపి తెచ్చి ఇస్తున్నాడు. పైనుంచి మెచ్చుకోలు ఉత్తరం కూడా వచ్చింది, జిల్లాలో పంపుల పనితీరు "గణనీయముగా మెరుగుపడినది" అని, దానికి కారణమైన పరిపాలనా విధానమేమిటో వివరముగా తెలుపమని. ఏం తెలపాలో ఎవరికీ తోచక ఆ ఉత్తరానికి ఇంకా జవాబు రాయలేదు.

మొన్న సోమవారం ఈఈ గారి గదికి ఫైళ్ళు పట్టుకెళ్ళాను. ఆయన సంతకాలు పెడుతూ పెడుతూ ఆగి, తలుపు వంక ఓసారి చూసి, గొంతు తగ్గించారు.

"అమ్మా సత్యవేణీ, నీకు చెప్పడానికేం గానీ, మా ఇంట్లో మా అల్లుడు నవ్వుతున్నాడమ్మా. ఆ పందొమ్మిదేళ్ళ కుర్రాడెవడో ఉన్నాడట, రోజూ కొట్టేస్తున్నాడట. ఈసారి వాణ్ణి వేసుకుంటే ఎలా ఉంటుందంటావు?"

ఆయన ముఖం చూశాను. నిజంగానే అడుగుతున్నారు పాపం, పసిపిల్లాడిలా. చెప్పాలనే అనిపించింది. ఆ కుర్రాణ్ణి వేసుకోండి సార్, ఆ గొడుగు కింద వాళ్ళని తీసెయ్యండి సార్, ఒక్కసారి మీరూ నిజంగా గెలవండి సార్ అని నోటి చివరి దాకా వచ్చింది. కాని రికార్డు రూములో అప్పలకొండ ఇంకా ఒక బీరువా తెరవనే లేదు.

"ప్రొబేషను కూడా పూర్తికాని కుర్రాడు సార్" అన్నాను. "వాణ్ణి ఎక్కిస్తే సీనియర్లు చిన్నబుచ్చుకోరా?"

ఆయన ముఖం తేటపడింది. "అదీ! అదే అనుకున్నాను నేనూ. సర్వీసు ఎక్కడికి పోతుంది!" అంటూ ఫోను తీసి, నా ముందే, మోకాళ్ళ నొప్పులతో ముందురోజే ఇంటికెళ్ళిపోయిన పెద్దాయన్ని కెప్టెన్ చేశారు.

నేను సంతకాలైన ఫైళ్ళు తీసుకుని, వచ్చే సోమవారానికి కొత్తవి సిద్ధం చేయడానికి నా సీటుకి వచ్చేశాను.